45 రోజుల ఇంగ్లీషు క్లాసు, నేర్చుకున్నవన్నీ తప్పులే

ముందే చెప్పేస్తున్నా, ఇది పొగడ్తా కాదు, తిట్టూ కాదు. భీమవరంలో ఒక స్పోకెన్ ఇంగ్లీషు ఇన్‌స్టిట్యూట్‌కి సాయంత్రం బ్యాచ్‌లో 45 రోజులు వెళ్లాను, 4,500 కట్టాను, అంటే రోజుకి వంద, ఈ రోజుల్లో దాంతో సరైన బిర్యానీ కూడా రాదు. ఇన్‌స్టిట్యూట్ పేరు రాయను. ఎందుకు రాయనో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

అసలు ఎందుకు చేరానో చెప్పాలి. నేను రొయ్యల ఎక్స్‌పోర్ట్ కంపెనీలో డాక్యుమెంటేషన్ సెక్షన్లో పని చేస్తాను. చెరువు దగ్గర పట్టుబడి చేసేవాళ్లు వేరు, ప్లాంట్లో తలలు తీసి ప్యాకింగ్ చేసేవాళ్లు వేరు, నా పని ఏసీలో కూర్చుని ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు తయారు చేయడం, బయ్యర్లకి మెయిళ్లు రాయడం. చదివింది తెలుగు మీడియం. పదకొండేళ్లుగా పాత మెయిల్ తీసి, తారీఖు మార్చి, కంటైనర్ నెంబరు మార్చి పంపేస్తూ బండి లాగించేస్తున్నా. మొన్న సంక్రాంతికి ముందు ఒక ప్యాకింగ్ లిస్టులో 1,680 కార్టన్లు అని కొట్టాల్సింది 1,860 అని కొట్టాను. పండగ హడావిడి, బుర్ర కోడిపందాల మీద ఉంది, అబద్ధమెందుకు. మర్నాడు నేనే చూసుకుని, కాయితాలు బ్యాంకుకి వెళ్లకముందే సరిచేసి, బయ్యర్‌కి మర్యాదగా ఒక మెయిల్ పెట్టాను. అందులో నా సొంత ఇంగ్లీషు ఒకే ఒక్క వాక్యం: "వి హావ్ డన్ ఎ బ్లండర్ మిస్టేక్ ఇన్ ప్యాకింగ్, కైండ్లీ ఎక్స్‌క్యూజ్."

రాత్రి పదకొండింటికి అవతలి నుంచి మా బాస్‌కి ఫోను. ఏ లాటు, ఏం కలిసింది, కంటైనర్ ఆపాలా, అక్కడ దిగాక ప్రతి కార్టనూ విప్పి చూడాలా అని అడిగాడంట. పొద్దున్నే బాస్ నన్ను పిలిచి, "నాయనా, రెండంకెలు అటూ ఇటూ అయినందుకు బ్లండర్ అని రాస్తారా? వాడు రొయ్యల్లో ఏ మేకులో పడ్డాయనుకున్నాడు" అన్నారు. తిట్టలేదు. అదే ఇంకా బాధ. క్లాసుకి వెళ్లమని, సర్టిఫికెట్ తెస్తే ఫీజులో సగం కంపెనీ ఇస్తుందని చెప్పారు. ఈ సర్టిఫికెట్ సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఇన్‌స్టిట్యూట్ మొదటి అంతస్తులో, కింద సెల్‌ఫోన్ల షాపు. మెట్లు ఇద్దరు ఎదురైతే ఒకరు వెనక్కి దిగాల్సినంత ఇరుకు. బండి పెట్టుకోవడానికి చోటు లేదు, పక్క సందులో పెడితే ఆ ఇంటివాళ్లు రోజూ గొడవ. బయట పెద్ద ఫ్లెక్సీ. దాని మీద గ్రామర్ అనే మాట స్పెల్లింగ్‌లో చివర 'ఏ' ఉండాల్సిన చోట 'ఈ' పడింది. అప్పట్లో నాకు తెలియదు, ఇరవయ్యో రోజున తెలిసింది. చూశారా, ఆ లెక్కన క్లాసు పని చేసినట్టే.

బ్యాచ్‌లో 30 మందిమి, కుర్చీలు 24. ఇంటర్వ్యూల కోసం బీటెక్ పిల్లలు, విదేశాలకి వెళ్లాలనుకునే నర్సమ్మాయిలు ముగ్గురు, ఒక బట్టల షాపాయన, అమెరికాలో ఉన్న మనవరాలితో ఫోన్లో మాట్లాడాలని వచ్చే ఒక పిన్నిగారు. ఆ పిల్లకి తెలుగు రాదు, ఈవిడకి ఇంగ్లీషు రాదు, మధ్యలో కోడలు తర్జుమా చేస్తే ఈవిడకి నచ్చదు. క్లాసులో అందరికన్నా కష్టపడి చదివింది ఆవిడే.

మొదటి రెండు వారాలు టెన్సులు, ఉచ్చారణ, సెల్ఫ్ ఇంట్రడక్షను. యూట్యూబ్‌లో ఊరికే దొరికేదే. ఆ రెండు వారాలకీ నేనిచ్చేది సున్నా. చెప్పింది కూడా ఒక కుర్రాడు, పుస్తకంలోంచి తల ఎత్తకుండా చదివేవాడు.

మూడో వారం నుంచి మాస్టారు వచ్చారు. రిటైరైన కాలేజీ లెక్చరర్, నరసాపురం నుంచి రోజూ రైలెక్కి వస్తారు. తెల్ల చొక్కా, చేతిలో గొడుగు, వాన ఉన్నా లేకపోయినా. వస్తూనే బల్ల మీద ఒక పాత హార్లిక్స్ సీసా పెట్టి, "తప్పుకి ఐదు రూపాయలండి. నేను చేసినా ఐదే. కోర్సయ్యాక ఆత్రేయపురం పూతరేకులు తెప్పించుకుందాం" అన్నారు. మొదటి ఐదు రూపాయలు నేనే వేశాను. ఎందుకు చేరావని అడిగితే నా మెయిల్ కథ చెప్పాను కదా, అందులో బ్లండర్ మిస్టేక్ అన్నందుకు.

ఈ బ్లండర్ మిస్టేక్ అనే మాట మన దగ్గరే పుట్టి మన దగ్గరే పెరిగిందని నాకు ఆ రోజే తెలిసింది. బ్లండర్ అంటేనే పెద్ద తప్పు, దాని పక్కన మళ్లీ మిస్టేక్ ఎందుకండి, గేటు దగ్గర గేటు పెట్టినట్టు అన్నారు మాస్టారు. నడి సెంటర్, షాపు కొట్టు అంటాం చూడండి, ఆ బాపతే. బ్లండర్ అనే మాట స్కాండినేవియా వాళ్ల పాత భాషలోంచి వచ్చిందట, కళ్లు మూసుకోవడం అనే అర్థంలోంచి. అంటే కళ్లు మూసుకుని గుడ్డిగా వెళ్లి గుద్దుకోవడం. నా 1,860 దానికి సరిపోదు. నేను కళ్లు తెరుచుకునే కొట్టాను, వేళ్లు తడబడ్డాయి, అంతే.

వెనక బెంచీలో ఫోన్లో చెస్ ఆడే కుర్రాడొకడు చెయ్యెత్తి, మా యాప్‌లో ఆట అయ్యాక మూడు రకాలుగా చూపిస్తుంది సార్, ఇనాక్యురసీ, మిస్టేక్, బ్లండర్ అన్నాడు. మాస్టారికి అది ఎంత నచ్చిందంటే బోర్డు మీద నిచ్చెన గీశారు. చదరంగం వాళ్లు ఎత్తు పక్కన ఒక ప్రశ్నార్థకం పెడితే మిస్టేక్, రెండు పెడితే బ్లండర్. ఆ నిచ్చెనకి కింద మెట్టు మీద స్లిప్, టైపో; మధ్యలో మిస్టేక్, ఎర్రర్; పైన బ్లండర్; ఇంకా పైన, ఊరంతా చూసేలా మొత్తం పని మునిగిపోతే, ఫియాస్కో. "మీరు కింద మెట్టు మీద కాలు జారి, పై మెట్టు మీంచి పడ్డానని కేకలేశారండి. జనం అంబులెన్సు తీసుకురారా మరి?" అన్నారు నన్ను చూసి. ఈ ఒక్క మాటకి నా 4,500లో రెండు వేలు చెల్లిపోయాయి.

మిస్టేక్‌కీ ఎర్రర్‌కీ తేడా మీద ఒక సాయంత్రం మొత్తం పోయింది. మామూలు మాటల్లో మిస్టేక్, లెక్కల్లో యంత్రాల్లో కాస్త గంభీరంగా ఉన్నచోట ఎర్రర్. కంప్యూటర్ ఎర్రర్ అంటుంది కానీ మిస్టేక్ అనదు, అవునా. భాష నేర్పేవాళ్లకి ఇంకో లెక్క కూడా ఉందట. తెలిసి కూడా నోరు జారితే మిస్టేక్, అసలు తెలియకే తప్పు చెబితే ఎర్రర్. కార్డర్ అనే ఇంగ్లండ్ పండితుడు 1967లో ఈ తేడా చెప్పాడట. మిస్టేక్ చేసినవాడు చెప్పగానే దిద్దుకుంటాడు, ఎర్రర్ చేసినవాడికి మళ్లీ పాఠం చెప్పాలి. నా బ్లండర్ మిస్టేక్ అనేది ఆ లెక్కన ఎర్రర్. పదకొండేళ్లుగా అదే రైటు అనుకుంటున్నా కాబట్టి.

ఎర్రర్‌కి లాటిన్‌లో మూలం దారి తప్పి తిరగడం అట. ఇది విన్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. ఎందుకంటే మన తప్పు కూడా అదే కదా. దారి తప్పాడు, లెక్క తప్పింది, గురి తప్పింది, మాట తప్పాడు. ఎక్కడో రోము, ఎక్కడో మన భీమవరం పక్కన ఉండి ఊరు, ఇద్దరికీ తప్పు అనగానే ఒకే దారి గుర్తొచ్చింది. నేను లేచి చెబితే మాస్టారు, "మరేనండి!" అని సీసాలో తన ఐదు రూపాయలు వేసి, ఇన్నేళ్లు పాఠం చెప్పి ఇది తట్టనందుకు జరిమానా అన్నారు.

మిస్టేక్ సంగతి ఇంకా సరదా. ఒకటనుకుని ఇంకోటి తీసుకోవడం, దాని పుట్టుకే అది. కార్తీక సోమవారం గునుపూడి సోమేశ్వరుడి గుడి బయట చెప్పులు మారిపోతాయి చూడండి, అదే అసలు సిసలు మిస్టేక్. ఇంకోటి, భీమవరంలో రెండు స్టేషన్లు, టౌను ఒకటి, జంక్షను ఒకటి. బయటూరి చుట్టాలకి ఒకటి చెబితే ఇంకోదాంట్లో దిగి ఫోన్లు చేస్తారు. మా బావమరిది పెళ్లికి ఒక కుటుంబం కుటుంబమే అలా దిగింది. ముహూర్తానికి అందలేదు, భోజనాలకి అందారు.

ఇక మనం రోజూ అనే మాటలు. డూ మిస్టేక్ కాదు, మేక్. కమిట్ అనేది నేరాలకీ పాపాలకీ వాడే మాట. కమిటెడ్ ఎ మిస్టేక్ అని రాస్తే ఇంగ్లీషువాడికి కాస్త పోలీసు స్టేషన్ వాసన వస్తుంది. బై మిస్టేక్ వరకు చాలు, చివర 'లీ' తగిలించి బై మిస్టేక్లీ అంటే ఐదు రూపాయలు. ఆ వారం సీసాలో సగం డబ్బు ఆ 'లీ' వల్లే పడింది. బట్టల షాపాయన ఒక్కడే అరవై రూపాయలు వేసి ఉంటాడు. ఫాల్ట్‌కి కూడా చెప్పారు: మిస్టేక్ అంటే జరిగిన పని, ఫాల్ట్ అంటే అది ఎవరి నెత్తిన అనేది. తప్పు నాదే అనాలంటే ఇట్స్ మై ఫాల్ట్. పని చిన్నదైనా ఫాల్ట్ మొత్తం నాదే కావచ్చు. ఈ ముక్క పక్కన పెట్టుకోండి, ఇది కూడా మళ్లీ వస్తుంది.

జాతీయాల రోజున మాత్రం నవ్వలేక చచ్చాం. అనకూడని చోట అనకూడనిది అనేస్తే ఇంగ్లీషులో పుట్ యువర్ ఫుట్ ఇన్ ఇట్ అంటారు, పాదం అందులో పెట్టేశావని. దేంట్లోనో చెప్పరు. మనవాళ్లు చెబుతారు, పప్పులో. పిన్నిగారు ఇది పట్టుకుని, ఇంటికెళ్లి ఆ రాత్రే మనవరాలితో, "యెస్టర్డే ఐ పుట్ మై లెగ్ ఇన్ దాల్" అన్నారంట. ఆ పిల్ల నిజంగానే గిన్నెలో కాలు పెట్టిందనుకుని, కాలిందా నానమ్మా అని ఏడుపు. మనకి కాలు అంటే తొడ నుంచి గోరు దాకా అంతా కాలే, వాళ్లకి లెగ్ వేరు, ఫుట్ వేరు. బ్రిటిష్ వాళ్లకి ఇంకోటి ఉంది, డ్రాప్ ఎ బ్రిక్, నలుగురిలో ఇటుక జారవిడవడం, అది కూడా నోరు జారడమే. ఫ్రెంచి నుంచి తెచ్చుకున్న ఫో పా అయితే అచ్చం మన తప్పటడుగే, మాటకి మాట. కాకపోతే మనం తప్పటడుగు అంటే జీవితంలో ఏదో పెద్ద గొడవ అనుకుంటాం, వాళ్లు విందులో చెంచా తప్పు పట్టుకున్నా అదే అంటారు. అక్షరాలా కుదిరినా బరువు కుదరదన్నమాట.

ఆటల మాటలు కూడా చాలానే చెప్పారు. చేతిలో ఉన్న బాధ్యత వదిలేస్తే డ్రాప్ ద బాల్, టెన్నిస్‌లోంచి అన్‌ఫోర్స్‌డ్ ఎర్రర్, ఎదుటివాడు ఏమీ చెయ్యకపోయినా మనమే పాడు చేసుకోవడం. మన గోల్లో మనమే బంతి వేసుకునే ఓన్ గోల్ చెప్పేటప్పుడు నర్సమ్మాయి ఒకరు భస్మాసుర హస్తం కదా సార్ అంది. అంతకన్నా బాగా ఎవరు చెబుతారు. బీటెక్ కుర్రాళ్లకి మాత్రం మై బ్యాడ్, అంటే తప్పు నాదేలే, అనేది తెగ నచ్చేసింది. అది స్నేహితుల మధ్య మాట, ఇంటర్వ్యూలో అన్నారో బయటికి దారి చూపిస్తారు అని మాస్టారు చెప్పిన మర్నాడే మాక్ ఇంటర్వ్యూలో ఒకడు అననే అన్నాడు. స్క్రూడ్ అప్ కూడా అంతే, బయ్యర్‌కి రాసే మెయిల్లో వద్దు.

నా లాంటి ఆఫీసు గుమాస్తాలకి పనికొచ్చేవి మెత్తటి మాటలు. ఓవర్‌సైట్ అనే మాట చూడండి, చూపు దాటిపోయింది, గమనించలేదు అని. మొన్న రాయాల్సింది అది, లేదంటే క్లరికల్ ఎర్రర్, లేదంటే ఉత్త టైపో. కానీ అదే ఓవర్‌సైట్‌కి పర్యవేక్షణ అనే అర్థం కూడా ఉంది! ఓవర్‌సైట్ కమిటీ అంటే తప్పులు జరగకుండా పైనుంచి చూసేవాళ్లు. ఒకే మాట, చూడటమూ అదే, చూడకపోవడమూ అదే. మా ఊరి నీటి సంఘం గుర్తొచ్చింది, అంతకుమించి రాయను.

ఇక్కడ మాస్టారికి నేనే ఒక మాట నేర్పాను, అది చెప్పుకోకపోతే నిద్ర పట్టదు. డిస్క్రిపెన్సీ. మా ఎల్‌సీ పనిలో, అంటే కొనేవాడి బ్యాంకు డబ్బుకి హామీ ఇచ్చే లెటర్ ఆఫ్ క్రెడిట్ పనిలో, బ్యాంకులు వాడేది. కొనేవాడి బ్యాంకు, మా కాయితాలు ఎల్‌సీలో రాసినట్టే ఉన్నాయా లేదా అని గీటురాయి మీద రుద్దినట్టు చూస్తుంది. దానికి గరిష్ఠంగా ఐదు బ్యాంకు పనిదినాలు, ఈ లెటర్ల కోసం 2007 నుంచి నడుస్తున్న యూసీపీ 600 అనే అంతర్జాతీయ రూల్సు ప్రకారం. తేడా దొరికితే అది తప్పు అనరు, ఎర్రర్ అనరు, డిస్క్రిపెన్సీ అంటారు, అంటే రెండు కాయితాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదని. ఎవరి మీదా నింద లేదు, డబ్బులు మాత్రం ఆపేస్తారు. ఇందులో నాకు నచ్చేది ఏంటంటే, ఆ రూల్సు పెట్టిన ఐసీసీ వాళ్లే, క్రికెట్ ఐసీసీ కాదు, పారిస్‌లో ఉండే అంతర్జాతీయ వాణిజ్య మండలి, బ్యాంకులు ఎలా చూడాలో ఇంకో పుస్తకం కూడా వేశారు. అందులో మెషీన్ అనే మాట స్పెల్లింగ్ తప్పు పడినా అర్థం మారదు కాబట్టి వదిలెయ్యమన్నారు. అదే మోడల్ 321 బదులు 123 అని పడితే వదలొద్దన్నారు. అక్షరం పోతే ఏమీ కాదు, అంకె పోతే కొంప పోతుంది. నా 1,860 ఏ గూటి పిట్టో ఇప్పుడు చెప్పండి. మాట చూస్తే టైపో, బ్యాంకుకి వెళ్లి ఉంటే డిస్క్రిపెన్సీ. బ్లండర్ మాత్రం ఎటు చూసినా కాదు.

అంకెల మాట వచ్చింది కాబట్టి మాస్టారు నాసా కథ చెప్పారు. 1998లో అంగారకుడి దగ్గరికి పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్, ఒక జట్టు పౌన్ల లెక్కలో అంకెలు ఇస్తే ఇంకో జట్టు వాటిని మెట్రిక్ అనుకుని వాడేసింది, 1999లో నౌక పోయింది. క్లాసంతా నోరు తెరిచింది, నేను తెరవలేదు. మాకు ఇది రోజూ ఉండే భయమే. చెరువు గట్టు మీద కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలని. అమెరికా బయ్యర్ 26/30 అన్నాడంటే పౌనుకి అన్ని అని. పౌనుకి 30 అంటే కిలోకి దాదాపు 66. కొత్తగా చేరిన కుర్రాడికి మొదటి రోజే ఇది చెప్పకపోతే మేమూ అంగారకుడి మీదకే.

అన్నిటికన్నా నా బుర్రలో నాటుకుపోయింది ఒక సాయంత్రం. మనం పొరపాటు చేశాను అనం. పొరపాటు జరిగిందండి అంటాం, తప్పులు దొర్లాయండి అంటాం. గ్లాసు నేను పగలగొట్టలేదు, పగిలిపోయింది. పాలు నేను పొంగబెట్టలేదు, పొంగిపోయాయి. బస్సు కూడా అంతే, మనం ఆలస్యంగా వెళ్లలేదు, అది వెళ్లిపోయింది. నేను ఇదంతా మన తెలుగువాళ్ల తెలివే అనుకున్నా. కాదంట. ఇంగ్లీషులో మిస్టేక్స్ వర్ మేడ్ అనేది ఇదే, తప్పులు చేయబడ్డాయి, ఎవరు చేశారో గాల్లో ఉంటుంది. అమెరికా అధ్యక్షుడు రీగన్ 1987లో ఇరాన్ ఆయుధాల గొడవ మీద మాట్లాడుతూ ఇదే వరసలో సీరియస్ మిస్టేక్స్ వర్ మేడ్ అన్నాడట. పెద్ద దేశం, చిన్న గోదారి జిల్లా, తప్పించుకునే దారి ఒకటే. బయ్యర్‌కి రాసేటప్పుడు మాత్రం వి మేడ్ ఎ మిస్టేక్ అని రాయండి, వాడికి నమ్మకం కలుగుతుంది అన్నారు మాస్టారు. నిజమే, తర్వాత రెండుసార్లు అలా రాశాను, రెండుసార్లూ థాంక్స్ అని ఒక్క ముక్కలో జవాబొచ్చింది, ఫోన్లు రాలేదు.

ఆయన చెప్పడమే కాదు, చేసి చూపించారు కూడా. ఒకరోజు బోర్డు మీద అకామడేషన్ స్పెల్లింగ్‌లో ఒక 'ఎం' తక్కువ రాశారు. ఇంటర్ చదివే అమ్మాయి, అప్పటిదాకా నోరు మెదపని పిల్ల, రెండు ఉండాలేమో సార్ అంది. ఆయన వెనక్కి తిరిగి చూసి, "ఐ స్టాండ్ కరెక్టెడ్" అని, చాక్‌పీసు ఆ అమ్మాయికే ఇచ్చి దిద్దించి, సీసాలో ఐదు వేశారు. నిలబడే ఉన్నాను, దిద్దబడ్డాను, పడిపోలేదు. ఈ మాటకి తెలుగులో ఏమంటామో నేనింకా వెతుక్కుంటూనే ఉన్నా.

ఇక మాస్టారి క్లాసులు ఇరవై రోజులే. మిగతా రోజులు మళ్లీ ఆ చదివే కుర్రాడే. ఏసీ ఉందని చెప్పి తీసుకున్నారు, వేసింది తొమ్మిది రోజులు, నేను లెక్కపెట్టాను. మెటీరియల్ అని 350 తీసుకుని ఇచ్చింది జెరాక్సు కాపీల పుస్తకం, 61వ పేజీ తర్వాత మళ్లీ 48. చేరేదాకా రోజుకి రెండు ఫోన్లు, చేరాక మనమెవరో వాళ్లకి తెలియదు.

ఆ పుస్తకంలో అచ్చుతప్పులు చూసే మాస్టారు ముద్రారాక్షసం అనే మన మాట మీదకి వెళ్లారు. అచ్చుతప్పు అనే మాటనే తిరగేసి అప్పుతచ్చు అని మనవాళ్లు వేళాకోళం చేస్తారు కదా, అలా అక్షరాలు అటూ ఇటూ అయ్యే నోటి తడబాటుకి ఇంగ్లీషులో స్పూనరిజం అని పేరు, ఆక్స్‌ఫర్డ్‌లో స్పూనర్ అనే దొర పేరు మీద. ఇక అచ్చుతప్పుల్లో మహారాజు 1631లో లండన్‌లో వేసిన బైబిలు. పది ఆజ్ఞల్లో ఒకదాంట్లో నాట్ అనే చిన్న మాట ఎగిరిపోయింది, వ్యభిచరించకూడదు కాస్తా వ్యభిచరించవలెను అయింది. అచ్చు వేసినవాళ్లకి మూడొందల పౌన్లు జరిమానా, లైసెన్సు కూడా పోయింది. రోజూ చర్చికెళ్లే నర్సమ్మాయి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. మూడక్షరాల మాటకి అంత శిక్షా అని నేను అనుకున్నా.

అనుకున్న వారానికే నా సర్టిఫికెట్ చేతికొచ్చింది. నా ఇంటిపేరులో 'వి' ఉండాల్సిన చోట 'బి'. ఫీజు కట్టిన రోజు అప్లికేషన్లో పెద్దక్షరాలతో, గడికో అక్షరం చొప్పున రాసిచ్చాను. కౌంటర్లో అమ్మాయి చూసి, "సిస్టం ఎర్రర్ అండి, మళ్లీ ప్రింటుకి రెండొందలవుతుంది" అంది. సిస్టం ఏం చేసిందమ్మా పాపం, ఇది టైపో, ఫాల్ట్ మీది, నా దగ్గర రెండొందలేంటి అన్నాను. "పొరపాటు జరిగిందండి." జరిగిందా, చేశారా? వెనకాల లైనులో మా బ్యాచ్ వాళ్లు ఘొల్లుమన్నారు, ఆ అమ్మాయి మొహం చిన్నబోయింది. అప్పుడు నాకే తప్పనిపించింది, ఎందుకంటే ఆ పిల్ల జీతానికి పని చేసేది, ఓనరు గాజు తలుపు వెనక కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు, తల కూడా ఎత్తలేదు. సాయంత్రం ఆయన దగ్గర్నుంచి వాట్సాప్ వచ్చింది: "ఇన్‌కన్వీనియెన్స్ రిగ్రెటెడ్." ఎవరు రిగ్రెట్ అయ్యారో అందులోనూ లేదు. రెండొందలు మాత్రం తీసుకోలేదు, అది ఒప్పుకోవాలి.

మార్కులు వేయమంటే మాస్టారికి ఐదుకి నాలుగున్నర, ఆ అర ఎందుకు తగ్గించానంటే చేతిరాత అసలు అర్థం కాదు. ఇన్‌స్టిట్యూట్‌కి ఒకటిన్నర. ఇప్పుడు రివ్యూలో పేరు పెడితే ముందు పోయేది ఆయన ఉద్యోగమే, అందుకే పెట్టలేదు. వెళ్లాలనుకుంటే చేరే ముందు ఒక్కటి అడగండి, నరసాపురం మాస్టారు ఏ తారీఖు నుంచి వస్తారని, ఆ రోజు నుంచే వెళ్లండి. ఫీజు బేరమాడితే నాలుగు వేలకి దిగుతారు, నాకు తర్వాత తెలిసింది. ఎక్కడైనా సరే పేరు రాసిచ్చేటప్పుడు వాళ్ల ముందే టైపు చేయించి, స్క్రీను మీద చదివి కదలండి. సీసాలో 1,140 రూపాయలు పోగయ్యాయి, పూతరేకులు బెల్లంవి వచ్చాయి, పిన్నిగారు ఇంటి నుంచి చేగోడీలు తెచ్చారు.

కొత్త సర్టిఫికెట్ పది రోజుల తర్వాత వచ్చింది. ఈసారి ఇంటిపేరు సరిగ్గా ఉంది. కోర్సు పూర్తయిన తారీఖు మాత్రం, మొదలైన తారీఖు కన్నా ముందుంది. మళ్లీ ఆ మెట్లెక్కే ఓపిక లేక అదే తీసుకెళ్లి బాస్ బల్ల మీద పెట్టాను. ఆయన కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివి, "ఇదేంటి నాయనా, టైపోనా, బ్లండరా?" అన్నారు. డిస్క్రిపెన్సీ అండి అన్నాను. 2,250కి వోచర్ మీద సంతకం పెట్టారు.